ఎర్ర నక్షత్రం పతకం, నంబరు 34 లక్షల పైచిలుకు. అమ్మేవారు బెర్లిన్ యుద్ధానిది అంటున్నారు. ఎలా సరిచూడాలి?

గోల్కొండ_పతకాలు

అందరికీ నమస్కారం. నేను సేకరించేవి బ్రిటిష్ ఇండియా పతకాలు. వాటి అంచు మీద సైనికుడి పేరు, నంబరు, రెజిమెంటు ఉంటాయి కాబట్టి రికార్డులతో పోల్చడం అలవాటే. సోవియట్ వాటి సంగతి మాత్రం వేరు. పేరుండదు, సీరియల్ నంబరు ఒక్కటే.

బాల్టిక్ దేశాల అమ్మకందారు ఒకరు మూడింటిని కలిపి ఇస్తామంటున్నారు:

1. ఆర్డర్ ఆఫ్ రెడ్ స్టార్. స్క్రూతో బిగించే రకం. నంబరు 34 లక్షల పైన. ఆర్డర్ పుస్తకం (గ్రహీత పేరు, పతకాల నంబర్లు రాసి ఇచ్చేది) కూడా ఉంది. "1945 బెర్లిన్ పోరులో ఇచ్చినది" అని వివరణ రాశారు.
2. "జా అత్వాగు" (ధైర్యానికి) పతకం, ఐదు మూలల బ్లాక్ (రిబ్బను చుట్టి పతకాన్ని వేలాడదీసే బిళ్ల), బూడిద రంగు రిబ్బను. వెనక నంబరు లేదు.
3. ఆర్డర్ ఆఫ్ పేట్రియాటిక్ వార్, ఒకటో తరగతి. "బంగారం" అని రాశారు, ధర కూడా ఆ లెక్కలోనే ఉంది.

ఫొటోలు చూసి ఏం తేల్చుకోవాలి, వస్తువు చేతికొచ్చాక ఏ పరీక్షలు చేయాలి? నా దగ్గర 0.01 గ్రాముల కాటా, వెర్నియర్ కాలిపర్, 20 రెట్ల భూతద్దం ఉన్నాయి.

జుమెరాత్_బజార్

ముందు మొదటిదాని సంగతి. లోహం పరీక్షకు ముందే ఇక్కడ కథ కుదరడం లేదు.

ఎర్ర నక్షత్రాన్ని 1930 ఏప్రిల్ 6న నెలకొల్పారు. మొత్తం 38 లక్షలకు పైగా ఇచ్చారు. అందులో రెండో ప్రపంచ యుద్ధపు సాహసాలకు ఇచ్చినవి సుమారు 28 లక్షల 60 వేలు. మరి 34 లక్షల నంబరు 1945 మే నెలలో బెర్లిన్‌లో ఎవరి ఛాతీ మీదికి ఎలా వస్తుంది? యుద్ధం ముగిశాక చాలా ఏళ్లకు ఇచ్చిన నంబరది.

అంటే నకిలీ అని కాదు. 1944 జూన్ 4 నాటి ఆదేశంతో సోవియట్ సైన్యంలో సర్వీసు ఏళ్లకు కూడా యుద్ధ పతకాలే ఇవ్వడం మొదలైంది. 10 ఏళ్లకు "జా బయెవియె జస్లూగి" (యుద్ధ సేవలకు) పతకం, 15 ఏళ్లకు ఎర్ర నక్షత్రం, 20 ఏళ్లకు ఎర్ర జెండా, 25 ఏళ్లకు లెనిన్ ఆర్డర్. 1957 సెప్టెంబరులో ఆ పద్ధతి ఆపేసి, "నిష్కళంక సేవ" పతకాలను విడిగా తెచ్చారు. మీకు చూపిస్తున్నది దాదాపుగా ఆ 15 ఏళ్ల సర్వీసు కోవలోది. వస్తువు నూటికి నూరుపాళ్లు అసలుదే కావచ్చు, కథ మాత్రం కల్పితం. ధర పెరిగేది ఆ కథతోనే కాబట్టి బేరం అక్కడే ఆడాలి.

ఒక మినహాయింపు ఉంది. యుద్ధంలో ఆదేశం వచ్చినా మనిషి ఆసుపత్రిలోనో వేరే యూనిట్‌లోనో ఉండిపోతే, పతకం ఏళ్ల తర్వాత చేతికందిన సందర్భాలున్నాయి. అప్పుడు పాత సాహసానికి కొత్త నంబరు పడుతుంది. అందుకే నంబరు చూసి అనుమానపడాలి గానీ తీర్పు చెప్పకూడదు. తీర్పు చెప్పాల్సింది పుస్తకమూ, ఆర్కైవూ.

ఆర్డర్ పుస్తకంలో చూడాల్సినవి:

పతకం పేరు, నంబరు, ఆదేశం తేదీ ఒకే వరసలో ఉంటాయి. నంబరులో ప్రతి అంకెనూ పతకం వెనక ఉన్నదాంతో పోల్చండి. ఒక అంకెను దిద్ది 3ను 8గా, 1ని 4గా మార్చడం పాత విద్య. ఆ చోట కాగితం పీచు లేచి ఉంటుంది, సిరా చుట్టూ పాకి ఉంటుంది. పక్క నుంచి దీపం పెట్టి ఫొటో పంపమనండి.

సుప్రీం సోవియట్ ప్రెసీడియం కార్యదర్శి సంతకం ఎవరిదో చూడండి. 1938 నుంచి 1953 దాకా గోర్కిన్. 1953 నుంచి 1956 వరకు పేగోవ్. మళ్లీ కొన్నాళ్లు గోర్కిన్. 1957 నుంచి 1982 దాకా గియొర్గాద్జే, ఆ తర్వాత మెంతెషష్విలి. 1946లో జారీ అయిందంటున్న పుస్తకంలో గియొర్గాద్జే సంతకం ఉంటే ఇక మాట్లాడటానికేం లేదు. కానీ పుస్తకం పోగొట్టుకున్నవారికి కొత్తది ఇచ్చేవారు. అప్పుడు పతకం పాతదే, సంతకం కొత్తది. పుస్తకం జారీ తేదీ, ఆదేశం తేదీ వేర్వేరు అన్న ఎరుక ఉండాలి.

పతకం వెనక నంబరు దగ్గర సిరిలిక్ "దె" అక్షరం కనబడితే అది డూప్లికేట్, అంటే పోయినదాని బదులు ప్రభుత్వమే ఇచ్చింది. నకిలీ కాదు, కానీ ధర తక్కువ.

ఆర్కైవ్ సంగతి. రష్యా రక్షణ శాఖ నడిపే "పోద్విగ్ నరోదా" (2010 నుంచి), "పామ్యత్ నరోదా" సైట్లలో పొదోల్స్క్ కేంద్ర ఆర్కైవ్ కాగితాలు స్కాన్ చేసి పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. అయితే అక్కడ వెతకడం పేరుతో, నంబరుతో కాదు. పుస్తకంలోని ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు మూడూ రష్యన్ లిపిలో కొట్టి, పుట్టిన సంవత్సరం జోడించండి. ఇవానోవ్ లాంటి ఇంటిపేరైతే పుట్టిన ఏడు లేకుండా వందల ఫలితాలు వచ్చి పడతాయి. దొరికితే సిఫారసు పత్రం తెరవండి. ముందు పేజీలో హోదా, యూనిట్, పాత గాయాలు, పాత పతకాలు. వెనక ఏం చేశాడో కొన్ని వాక్యాలు, కింద పై అధికారుల అభిప్రాయాలు. సిఫారసు చేసింది ఒకటి, చివరికి ఇచ్చింది దానికన్నా చిన్నది కావడం మామూలే. ఎర్ర జెండాకు రాస్తే ఎర్ర నక్షత్రంతో సరిపెట్టిన కాగితాలు కోకొల్లలు.

ఇంకొకటి. 1942 నవంబరు నుంచి ఎవరు ఏది ఇవ్వవచ్చో హద్దులున్నాయి. రెజిమెంట్ కమాండర్ అధికారం పతకాల వరకే, ఎర్ర నక్షత్రం ఇవ్వాలంటే డివిజన్ లేదా బ్రిగేడ్ కమాండర్ ఉండాలి. "రెజిమెంట్ ఆదేశంతో ఎర్ర నక్షత్రం" అని రాసిన కాగితం చూపిస్తే అది అమ్మకందారు సొంతంగా టైపు చేయించినదే.

టంకం_పని

కాగితాల సంగతి పైన వచ్చేసింది. వస్తువు చేతికొచ్చాక ఏం చేయాలో నేను చెప్తాను.

ఎర్ర నక్షత్రం మొత్తం బరువు అధికారిక లెక్కలో 33.92 గ్రాములు, 1.80 అటూ ఇటూ. అందులో వెండి 27.49 గ్రాములు. ఎదురెదురు కొనల మధ్య 47 నుంచి 50 మిల్లీమీటర్లు. నట్టు తీసేసి తూచండి. స్క్రూ పోస్టు పొట్టిగా ఉంటే కంగారు వద్దు. కోటుకు గుచ్చుకుంటోందని కోయించుకున్నవారు ఎందరో, బరువు కాస్త తగ్గుతుంది. నట్టు మీద "మొనేత్నీ ద్వోర్" (టంకశాల) అని ఉన్నంత మాత్రాన పతకం అసలుదైపోదు. నట్లు విడిగా అమ్ముతారు, ఎవరి నట్టు ఎవరి పతకానికైనా పడుతుంది.

బరువు సరిపోయిందని సంబరపడకండి. వెండితో పోసిన నకిలీలకూ బరువు సరిపోతుంది. అసలు పతకం ముద్రతో అచ్చు కొట్టినది, నకిలీల్లో ఎక్కువ భాగం పోతపోసినవి. తేడా భూతద్దంలో ఇలా కనిపిస్తుంది:

సైనికుడి ముఖం, తుపాకీ, చుట్టూ ఉన్న "ప్రపంచ కార్మికులారా ఏకం కండి" అక్షరాలు అచ్చులో పదునుగా, నిలువు గోడలతో నిలబడతాయి. పోతలో అంచులు కరిగిన సబ్బులా గుండ్రంగా ఉంటాయి, అక్షరాల మధ్య చదును భాగంలో సన్న గుంటలు, బుడిపెలు కనబడతాయి.

నంబరు ఇంకా బాగా పట్టిస్తుంది. అసలు దాన్ని పతకం తయారయ్యాక విడిగా వేశారు. చేతి ఉలితో చెక్కినదైతే గాడి అడుగున సన్న గీతలు, చివర ఉలి ఎత్తిన చోట సన్నని తోక ఉంటాయి. తర్వాతి కాలపు తిరుగుడు యంత్రంతో వేసినదైతే గీత వెంట చిన్న చిన్న వణుకులు. పోత నకిలీలో నంబరు కూడా అచ్చులోంచే వస్తుంది కాబట్టి గాడి అడుగు మెత్తగా, గుండ్రంగా, చుట్టూ ఉన్న ఉపరితలంతో ఒకే తీరుగా ఉంటుంది. ఒకే నంబరు రెండు చోట్ల అమ్మకానికి కనిపించి, దేని మీదా "దె" లేకపోతే కనీసం ఒకటి పోతపోసినదో నంబరు మార్చినదో అయి ఉంటుంది.

దీనికన్నా ప్రమాదమైనది నంబరు మార్చిన అసలు పతకం. మంచి పుస్తకం ఒకటి దొరుకుతుంది, దాని పతకం ఎక్కడో పోయింది. అప్పుడు ఏదో మామూలు పతకం మీది నంబరును ఆకురాయితో తీసేసి, పుస్తకంలోని నంబరు చెక్కుతారు. లోహం అసలుదే, అచ్చు అసలుదే, పుస్తకం అసలుదే. ఇక మీ పరీక్షలన్నీ పాసైపోతాయి. పట్టుకోవడానికి దారి: వెనక భాగాన్ని పక్క వెలుతురులో తిప్పి చూస్తే నంబరు చుట్టూ మెరుపు వేరుగా, కొద్దిగా గుంటలా ఉంటుంది. కాలిపర్‌తో అక్కడి మందాన్ని పక్క కొన మందంతో పోల్చండి. పాత వెండి నలుపు అంతటా ఉండి అక్కడ మాత్రమే లేకపోయినా, మందుపూసి తెచ్చిన నలుపు గాడి లోపల కూడా ఒకే రంగులో ఉన్నా అనుమానించండి. మొనేత్నీ ద్వోర్ ముద్ర అరిగి, పక్కనే నంబరు మాత్రం నిన్న చెక్కినట్టుంటే అది నిన్న చెక్కిందే.

ఎనామెల్: అసలుది కొలిమిలో కాల్చిన గాజు. ముదురు మాణిక్యపు ఎరుపు, వెలుతురు లోపలికి దిగుతుంది. చిట్లితే గాజు పెంకులా చిట్లుతుంది. రెజిన్ పూత చదునుగా, ప్లాస్టిక్ మెరుపుతో ఉంటుంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేస్తే రెజిన్ సాధారణంగా పాలిపోయిన నీలంగానో తెల్లగానో వెలుగుతుంది. ఒక కొన మాత్రమే వెలిగితే అది నకిలీ కాదు, మరమ్మతు. మరమ్మతుకు ధర తగ్గించమనొచ్చు. సూదితో గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు, ఆ పని చేయకండి.

గోల్కొండ_పతకాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. పుస్తకం పేజీ ఫొటో తెప్పించాను. ఆదేశం తేదీ 1953 నవంబరు, సంతకం పేగోవ్‌ది. జుమెరాత్ గారు చెప్పినట్టే సర్వీసు పతకమని అర్థమవుతోంది. అమ్మకందారు "అయినా బెర్లిన్‌లో పోరాడిన మనిషే కదా" అంటున్నారు.

ఒక సందేహం. నీళ్లలో ముంచి సాంద్రత కొలిస్తే వెండి అవునో కాదో తేలదా? స్టెర్లింగ్ వెండికి 10.3 రావాలి కదా.

టంకం_పని

ఎర్ర నక్షత్రానికి ఆ పరీక్ష పెట్టొద్దు. ఎనామెల్ గాజు, తేలిక. మొత్తం బరువులో వెండి 27.49 గ్రాములే అని పైన చూశారుగా. మిగతా భాగంలో గాజు వాటా పెద్దది కాబట్టి అసలు పతకానికే లెక్క 10.3 కన్నా బాగా తగ్గి, ఇత్తడి (8.4 నుంచి 8.7) దరిదాపుల్లోకో ఇంకా కిందికో పడుతుంది. అసలుదాన్ని నకిలీ అని తిప్పి పంపేస్తారు. పైగా మధ్య బిళ్ల వెనక గాలి బుడగ చిక్కుకుంటే లెక్క ఇంకా తప్పుతుంది, లోపల చేరిన నీరు త్వరగా ఆరదు.

"జా అత్వాగు"కి ఎనామెల్ అక్షరాల్లో మాత్రమే కాబట్టి అక్కడ పరీక్ష కొంత పనికొస్తుంది. కానీ బ్లాక్‌తో కలిపి తూస్తే అర్థం లేదు, విడదీయాలంటే రింగు తెరవాలి. రింగు తెరిచిన గుర్తు పడితే విలువ పోతుంది. కాబట్టి అదీ వద్దు.

దానికన్నా మన ఊళ్లలో సులువైన దారి ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి చోట్ల నగల హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం (ఎక్స్-కిరణాలతో లోహాల పాళ్లు చెప్పేది) ఉంటుంది. గీటు పెట్టకుండా, యాసిడ్ వేయకుండా చూడమని ముందే గట్టిగా చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ గీటురాయికి రాసేస్తారు. వెనక వైపు మూడు చోట్ల చూపించండి: ఒక కొన, మధ్య, బాగా అరిగిన ఎత్తు భాగం. వెండి 90 శాతం పైన, మిగతాది రాగి రావాలి. యంత్రం చదివేది పైపొరనే కాబట్టి మందంగా వెండి పూత వేసినదాన్ని మామూలు చోట వెండే అంటుంది. అరిగిన చోట జింకో నికెలో బయటపడితే గుట్టు రట్టయినట్టే.

అయస్కాంతం కూడా పెట్టండి, కానీ పతకానికే. ఐదు మూలల బ్లాక్ వెనక పిన్ను ఉక్కుదే, అది అతుక్కుంటుంది. దాన్ని చూసి పతకం నకిలీ అని గోల చేసినవారిని ఇదే చర్చల్లో చాలామందిని చూశాం.

రిబ్బను_పెట్టె

రెండోది, మూడోది ఎవరూ ముట్టుకోలేదు.

"జా అత్వాగు" 1938 అక్టోబరు 17న వచ్చింది. 37 మిల్లీమీటర్ల వెండి బిళ్ల, పైన మూడు విమానాలు, కింద టీ-35 ట్యాంకు. బ్లాక్ లేకుండా సుమారు 27.93 గ్రాములు, 1.52 అటూ ఇటూ. మొదట్లో చిన్న దీర్ఘచతురస్రపు బ్లాక్, ఎర్ర రిబ్బను. 1943 జూన్ నుంచి ఐదు మూలల బ్లాక్, అంచుల్లో నీలి చారలున్న బూడిద రంగు రిబ్బను. యుద్ధకాలపు వాటికి నంబరుంది. యుద్ధం తర్వాత కొన్నాళ్లకు నంబరు వేయడం మానేశారు. కాబట్టి మీరు చూస్తున్నది తర్వాతి కాలానిది. అసలుదే కావచ్చు, కానీ ఎవరిదో కనిపెట్టే దారి లేదు. ఆ ఎర్ర నక్షత్రం యజమానిదే ఇదీ అని అమ్మకందారు అంటే నవ్వి ఊరుకోండి. పుస్తకంలో ఈ పతకం నమోదు ఉందో లేదో అడగండి, చాలు. నంబరు లేని దాని మీద నంబరు చెక్కి యుద్ధకాలపు ధరకు అమ్మేవారూ ఉన్నారు కాబట్టి, నంబరు ఉన్నది ఎప్పుడైనా కొంటే టంకం గారు చెప్పిన గాడి పరీక్ష దానికీ చేయండి.

ఇక "బంగారం". ఒక ఫొటో చాలు, వెనక వైపుది.

పేట్రియాటిక్ వార్ ఆర్డర్ 1942 మే 20న వచ్చింది. యుద్ధకాలపు ఒకటో తరగతిలో 8.329 గ్రాముల బంగారం, 16.754 గ్రాముల వెండి, మొత్తం 32.34 గ్రాములు. విడి భాగాలుగా చేసి రివెట్లతో కలిపిన నిర్మాణం, వెనక రివెట్ల గుర్తులు కనిపిస్తాయి. విజయానికి 40 ఏళ్లయిన సందర్భంగా 1985లో బతికున్న సైనికులకు మళ్లీ ఇచ్చారు. అది ఒకే ముక్కగా అచ్చు కొట్టిన వెండి, ఒకటో తరగతికి పైన బంగారు పూత. రివెట్లు ఉండవు. 1985లో ఇచ్చిన ఒకటో తరగతివే 20 లక్షల పైన. అంటే బజారులో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఇవే. నకిలీ అనడానికి లేదు, ప్రభుత్వం ఇచ్చినదే. కానీ దాన్ని "బంగారం" అని అమ్మడం మోసం. ఎక్స్‌ఆర్‌ఎఫ్ ముందు వైపు చూపిస్తే పూతలోని బంగారాన్నీ చదువుతుంది, అందుకే ఈ పతకానికి యంత్రాన్ని నమ్మకండి, రివెట్లను నమ్మండి.

యుద్ధకాలపువి కుటుంబాల దగ్గర ఎక్కువగా మిగలడానికి ఒక కారణముంది. గ్రహీత చనిపోతే మిగతా ఆర్డర్లను ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి, ఈ ఒక్కదాన్ని మాత్రం ఇంటివాళ్లు జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు. 1977 దాకా అదే నియమం.

గోల్కొండ_పతకాలు

వెనక ఫొటో వచ్చింది. నున్నగా ఉంది, రివెట్లు లేవు. మూడోది వదిలేస్తున్నాను. ఎర్ర నక్షత్రం ఒక్కటీ సర్వీసు పతకం ధరకు ఇస్తే తీసుకుంటా. తెప్పించడంలో చట్టపరమైన ఇబ్బందులేమైనా?

జుమెరాత్_బజార్

రష్యాలో ఉన్నవాళ్ల దగ్గర కొనకండి. అక్కడ సోవియట్, రష్యా ప్రభుత్వ పురస్కారాల క్రయవిక్రయాలు క్రిమినల్ కోడ్ 324వ అధికరణం కింద నేరం. 2022 మార్చి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ పనిచేయడం ఆపేశాయి కాబట్టి చెల్లింపూ చిక్కే. బాల్టిక్, జర్మనీ, అమెరికా అమ్మకందారులైతే ఆ గొడవ లేదు. పార్సిల్ రష్యా నుంచి బయల్దేరడం లేదని మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.

మన పురావస్తు చట్టం (1972) లెక్కలో ఇలాంటి వస్తువు పురావస్తువు కావాలంటే వందేళ్లు దాటాలి, కాబట్టి ఆ రిజిస్ట్రేషన్ మీకు తగలదు. కస్టమ్స్ డిక్లరేషన్‌లో అసలు ధర, "సేకరణ పతకం, వెండి" అని ఉన్నది ఉన్నట్టు రాయించండి. "బహుమతి" అనో, పావు ధరో రాయిస్తే దారిలో పోయినప్పుడు బీమా కూడా ఆ పావు ధరకే వస్తుంది.

పుస్తకం, పతకం ఒకే కవరులో వేర్వేరు సంచుల్లో పెట్టమనండి. నట్టు విప్పి విడిగా చుట్టాలి. బిగించి పంపితే దెబ్బ తగిలినప్పుడు ఒత్తిడి మధ్యలోంచి పోయి కొనల దగ్గర ఎనామెల్ చిట్లుతుంది.

పూర్తి నంబరు మాత్రం ఇలా బహిరంగంగా పెట్టకండి, చివరి రెండు అంకెలు దాచండి. పుస్తకం చేతిలో ఉండి పతకం లేనివాళ్లు, పతకం ఉండి కథ లేనివాళ్లు ఇలాంటి చోట్లే నంబర్లు ఏరుకుంటారు.

"భారత సైనికుడికి ఇచ్చిన ఎర్ర నక్షత్రం" అంటూ ఎవరైనా వస్తే ఇంకా జాగ్రత్త. ఇరాన్ మీదుగా సోవియట్‌కు సరుకు చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ నుంచి సుబేదార్ నారాయణరావు నిక్కమ్, హవల్దార్ గజేంద్ర సింగ్‌లకు 1944లో ఇది ఇచ్చారు. ఆ పేర్లు ఇప్పుడు అందరికీ తెలుసు, కాబట్టి నకిలీ కాగితం తయారుచేసేవారికీ తెలుసు.

టంకం_పని

వచ్చాక తోమొద్దు. చింతపండు, పళ్లపొడి, నగల దుకాణపు డిప్ ఏదీ వద్దు. గాడుల్లోని పాత నలుపే నంబరు అసలుదని చెప్పే సాక్ష్యం, అది పోతే రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారికి చూపించడానికేం ఉండదు. దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్షు. పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు దగ్గరికి రానీయకండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. సముద్రం దగ్గరి ఊరైతే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలంలో మార్చండి. నట్టును వేళ్లతో తగిలీ తగలనట్టు తిప్పితే చాలు, కటింగ్ ప్లయర్ పట్టకండి.

వచ్చిన రోజే తూచి, వెనక భాగాన్ని పక్క వెలుతురులో ఫొటో తీసి పెట్టండి. తిప్పి పంపే గడువు అమ్మకందారు ఎన్ని రోజులిస్తున్నారో డబ్బు కట్టకముందే అడగండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కి తీసుకెళ్లే వ్యవధి అందులో ఉండాలి.